ట్రాక్టర్ హ్యాండిల్ తిప్పకు

తమ్ముడూ, వచ్చీ రాగానే కోపం మీద ఆ పాత పెట్రోల్ ట్రాక్టర్ జోలికి వెళ్లకు. నువ్వు విసురుగా వెళ్లిపోయాక స్టార్ట్ చేద్దామని నాన్నే హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ వెనక్కి తన్నింది. హ్యాండిల్ మణికట్టుకు తగిలి ఎముక విరిగింది. అమ్మ ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ చేయాలట, నేనూ బయల్దేరుతున్నా. నీకు ఫోన్ చేస్తే అది నీ మంచం మీదే మోగుతోంది.

నాన్న నిన్ను తిట్టినట్టు నువ్వు పోసిన పెట్రోల్లో నీళ్లేమీ లేవు. గాజు సీసాలోకి పట్టి చూశాను, అడుగున ఒక్క నీటిచుక్క కూడా చేరలేదు. పొద్దున నువ్వూ నాన్నా అరుచుకుంటున్నప్పుడు, నడుస్తున్న ఇంజన్‌కి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. మూడోది పీకినా శబ్దం మారలేదు, అంటే ఆ సిలిండర్ పనిచేయడం లేదు. ప్లగ్గేమో కొత్తది. ఇందాక వైర్లన్నీ వచ్చి కలిసే మూత విప్పితే లోపల వెంట్రుకంత పగులు కనిపించింది. దాని వెంబడి కరెంటు పక్క సిలిండర్‌కి పోయి వేళకాని వేళ పేలుస్తోంది. మూత వంటింటి గట్టు మీద ఉంది. జిగురు పెట్టి అతికించకు, రేపు అలాంటిదే కొత్తది తెద్దాం.

మీ ఇద్దరి గొంతుల మధ్య ఆ ఇంజన్ ఏం చెబుతోందో వినడానికి నా చెవులే దొరికాయి.

అన్నట్టు, పెట్రోల్ సంగతి ఫోన్లో నాన్నకు చెప్పాను. విని "వాడు ఏమైనా తిన్నాడా?" అన్నాడు. నువ్వు వచ్చేదాకా ఆపరేషన్ గదిలోకి వెళ్లనని భీష్మించుకు కూర్చున్నాడట. పరిగెత్తుకు రా.

అక్క