పండగలయ్యాక

బ్రూక్లిన్,
ఆదివారం

అన్నయ్యా,

శుక్రవారం వదిన పంపిన సబ్బాతు రొట్టె అందింది. దాంతోపాటు నీ కబురూ అందింది. "కోర్టుకెక్కితే మా ఫ్రేడల్‌కి ఒక్క సంబంధం రాదు, తొందరపడొద్దని చెప్పు" అన్నావట.

తొందరా? బడిలో ఆ ఫాయ్‌వెల్ మాస్టారు తనను ఏం చేశాడో మా హెర్షెల్ నోరు విప్పి చెప్పి మూడేళ్లయింది. యూదుడు సాటి యూదుణ్ణి పోలీసులకు పట్టించాలంటే రబ్బీల అనుమతి కావాలన్నావు. సరేనని వాళ్ల పంచాయతీకి వెళ్లాను. "పస్కా అయ్యాక చూద్దామమ్మా" అన్నారు. అదయ్యాక, పర్ణశాలల పండగ కూడా కానిమ్మన్నారు. మనకు పండగలకేం కొదవ? ఈ మూడేళ్లూ ఆ పెద్దమనిషి అదే గదిలో తలుపేసుకుని పాఠాలు చెబుతూనే ఉన్నాడు.

అందుకే మొన్న హెర్షెల్‌ని తీసుకుని లాయరు దగ్గరికి వెళ్లాను. ఆవిడా తలకు గుడ్డ కట్టుకునే మన మనిషే. "రబ్బీగారి అనుమతి ఉందా అని అడగరేం?" అన్నాను. "మీ అబ్బాయి అనుమతి ఉందా?" అని అడిగింది. ఉంది. పంతొమ్మిదేళ్లవాడు, ఫిర్యాదు మీద వాడే సంతకం పెట్టాడు.

ఆవిణ్ణి అలాంటిదే ఇంకో ఖాళీ కాగితం అడిగి తెచ్చుకున్నాను. అది ఈ కవర్లోనే ఉంది. నువ్వూ ఆ మాస్టారి దగ్గర రెండేళ్లు చదివావు. ఆ రెండేళ్లూ పొద్దున్నే కడుపునొప్పని మంచం కింద దూరేవాడివి. అమ్మ ఆముదం పట్టేది. నేను నవ్వేదాన్ని.

దీనికి మాత్రం పండగలయ్యేదాకా ఆగకు.

నీ చెల్లెలు