జొన్నరాశి మీద బూడిద ముద్ర

బేతంచెర్ల దగ్గర మన ఊరు,
మార్చి 2007

ప్రియమైన మనవరాలు కృపమణికి, అవ్వ రాహేలమ్మ నెత్తిన చెయ్యి పెట్టి దీవించి రాయునది. దేవుని దయవల్ల నేనూ, మీ తాతా, మేకలూ కుశలం. బెంగుళూరులో నువ్వు వేళకు తింటున్నావని నమ్మి ఈ జాబు మొదలుపెట్టాను.

మోకాలు ఎట్లుందని అడిగితివి. నడుస్తున్నాను, అంతే చాలు. కొత్త అద్దాలు పెట్టుకునే రాస్తున్నాను. ఫోను చేయమంటావు గానీ, బూత్‌లో నేను మాట్లాడుతుంటే బయట నిలబడినవాళ్లు నాకంటే ముందు ఏడుస్తారు. జాబే మేలు.

ఇక అసలు సంగతి. ఆ ఉద్యోగం వదిలేసి రాయచోటి బడిలో టీచరుగా చేరమని నేనే పోరుపెట్టాను. "ఉండనా అవ్వా, వచ్చేయనా? నీ మాట ప్రకారమే చేస్తా" అని రాశావు. నా భయం నీకు తెలుసు. టెలిఫోన్ వాళ్ల గుట్టుమాటలకు నువ్వు కాపలా. ఏ దొంగ విన్నా మొదట నీ మీదికే వస్తుందని నాకు నిద్ర లేదు. నువ్వు ఓపికగా చెప్పావు: మాటకంటే ముందు దాని తాళంచెవిని వెలుగు రవ్వల మీద గాజుతీగలో పంపుతామని, దారిలో ఎవరు తొంగిచూసినా ఆ రవ్వలు చెదిరి తెలిసిపోతుందని, అప్పుడు దాన్ని పారేసి కొత్తది పంపుతామని. చదివాను. నమ్మలేదు.

పోయిన వారం కల్లంలో జొన్నలు రాశి పోశాం. ఎప్పటిలాగే, ఎవరు చెయ్యి పెట్టినా తెలిసేటట్టు మీ తాత రాశి మీద చుట్టూ బూడిద ముద్రలు వేసి, మారెన్నను కాపలా పెట్టాడు. తెల్లారి చూస్తే ఒక ముద్ర చెదిరి ఉంది.

"ఏమప్పా మారెన్నా, నిన్ను నమ్మితే ఇదేనా?" అని తాత అతని మీదికి లేచాడు.

మారెన్న కోపపడలేదు. ముద్ర దగ్గర కూర్చుని చూసి, మీసాల్లో నవ్వాడు. "ఎవరో చెరిపి, మళ్లా అరచేత్తో దిద్దినారు పెద్దాయనా. ఈడ చూడు, గాజుల గీతలుండాయి. నేనెప్పుడన్నా గాజులేసుకుంటినా?"

తాత నా చేతుల వైపు చూశాడు.

ఆ గాజులు నావే తల్లీ. ఇంతసేపూ రాయడానికి సిగ్గుపడ్డాను. తెల్లవారేటప్పుడు మబ్బు పట్టింది. గింజలు చెమ్మగిల్లి లోపల వేడెక్కాయేమోనని, మారెన్న ముఖం కడుక్కోను పోయినప్పుడు మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. ముద్రను మునుపటిలాగే చేశాననుకున్నాను.

"ఒక్క గింజ పోలే, ఊరికే చూసినా తెలిసిపాయె. నీ రాశికి నువ్వే దొంగవైతివా అవ్వా?" అని మారెన్న పడిపడి నవ్వాడు.

"ఇంగ దీనికొక కాపలా పెట్టాల" అన్నాడు తాత నన్ను చూపించి.

"నిన్ను తిట్టించినా మారెన్నా, తప్పయిపాయె" అన్నాను.

"తప్పేముండాది? ముద్ర ఉండబట్టే నేను బతికినా. అది లేకుంటే దోసెడు తగ్గినా నా మీదికే వస్తాది. రాశికి నేను కాపలా, నాకు ముద్ర కాపలా."

ఆ మాటతో గుండె మీది బండ దించినట్లయింది. చెదిరితే తెలిసిపోయే ఆ వెలుగు రవ్వలే నీకూ ముద్ర కదా అనుకున్నాను. ఇన్నాళ్లకు కంటినిండా నిద్రపోయాను. రాయచోటి బడికి ఇంకో టీచరు దొరుకుతుంది. ఆ వెలుగును మాత్రం తేరిపార చూడొద్దు, కళ్లు పోతాయి.

కవరు అంటించిన చోట బూడిదతో నా బొటనవేలు ఒత్తి పంపుతాను. తాత నవ్వుతాడు, నవ్వనీ. అది చెదిరి ఉంటే ఈ జాబు చింపేసి కబురు పెట్టు, ఇంకొకటి రాస్తాను. అందులోనూ ఇదే మాట ఉంటుంది: ఉండు.

ఇట్లు,
నిన్ను ఎత్తుకు పెంచిన మీ అవ్వ
రాహేలమ్మ