మీ అమ్మ ఫోటో గురించి

మహబూబ్‌నగర్,
19 ఆగస్టు 2023, శనివారం.

జేబాకు,

గ్లోరీ వందనాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడ మీరిద్దరూ, ఇంకా పేరు పెట్టని మూడో మనిషీ క్షేమమని తలుస్తాను. ముందు 'వదినా' అని రాసి కొట్టేశాను. పదేళ్లు కాన్వెంటులో ఒకే బెంచీ మీద నా పక్కన కూర్చున్నదానివి. అలా పిలవడం నాకింకా రావడం లేదు.

ఈ పొద్దున ఇస్త్రీ బండి దామోదర్ బొగ్గులు రాజేస్తుంటే ఒక నిప్పురవ్వ తడి రోడ్డు మీద పడింది. చిన్న చప్పుడు చేసి ఆరిపోయింది. పాల ప్యాకెట్ చేతిలో పట్టుకొని నేను ఆ నల్లటి చుక్కనే చూస్తూ నిలబడ్డాను. ఈ మధ్య నాకు ఇలాంటివే కనబడుతున్నాయి. పెద్దవి కనబడడం లేదు.

నీకు ఏడో నెల నడుస్తోందనీ, పుట్టింటి గాజులు పడాల్సిన నెల ఒట్టిగా పోతోందనీ ఫోన్లో ఏడ్చావు. మీ అమ్మ మొఖం ఒక్కసారి ఫోటో తీసి పంపమన్నావు. ఆ మొఖం చూస్తే ఆమె గడప తొక్కవచ్చో లేదో నీకు తెలిసిపోతుందన్నావు. నీ కడుపు సంగతి మాత్రం ఆమెకు చెప్పవద్దన్నావు. నేను సరేనన్నాను. ఫోన్లో నాకు అంతకంటే మాటలు రావు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

రెండిళ్లలో ఎవరికీ చెప్పకుండా నిన్ను తీసుకొని పటాన్‌చెరు వెళ్లిన రోజు అన్న తన కెమెరాను ఇక్కడే వదిలేశాడు. బీరువా మీద నుంచి దించి తుడిచాను. బాపు చూశాడు. సాయంత్రం ప్రార్థనలో బాపు ఇప్పటికీ ఇంట్లో వాళ్ల పేర్లు వరుసగా చెప్తాడు. అమ్మ పేరు చెప్పి, అన్న పేరు ఉండాల్సిన చోట కొంచెం ఆగి, నా పేరు చెప్తాడు. డానియల్ అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే ఆగుతాడు. మాకు అలవాటైపోయింది.

నేరుగా మీ అమ్మ ముందుకెళ్లి కెమెరా ఎత్తే ధైర్యం నాకు లేదు. బజారంతా తీస్తూ పోతే ఆమె కూడా ఆ బజారులో ఒకరవుతుంది కదా అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం గడియారం చౌరస్తా దగ్గర ఆటో దిగాను. వాన వెలిసింది. అంగళ్ల పైన కట్టిన ప్లాస్టిక్ కవర్ల మీద నిలిచిన నీళ్లను అందరూ కట్టెలతో పైకి పొడిచి వంపుతున్నారు. మొదటి ఫోటో అదే.

రెండోది తీయబోతే నిమ్మకాయల జంగయ్య తన గంప మీద గోనెసంచి కప్పేశాడు. మున్సిపాలిటీ మనిషినా, ఫోటోలు తీసుకుపోయి తమ జాగాలు ఖాళీ చేయిస్తారా అని అడిగాడు. కాదన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. పక్కన బోడకాకరకాయలు అమ్మే హనుమమ్మ నా తరఫున జవాబిచ్చింది.

"ఓ జంగయ్య, గా పిల్ల మొఖం జూడు. కాయ మీది ఈగను గూడ లేపేటట్టు లేదు, నిన్ను లేపుతదా?"

తర్వాత ఆమే కొంగు సర్దుకొని, తనను తీయమంది. ఫోటోలో కాకరకాయలు పడకుండా తీయాలట, లేకపోతే జనానికి ఆమెకూ కాయలకూ ఫరక్ తెలియదట. గొడుగులు బాగుచేసే ఖైసర్ ఇది విని, వాన లేకపోయినా ఒక గొడుగు విప్పి నెత్తిన పట్టుకొని నిలబడ్డాడు. ఆ ఫోటో రెండో పెళ్లికి పనికొస్తుందన్నాడు. మొదటిదే ఇంకా కాలేదు కదరా అంది హనుమమ్మ. అందరూ నవ్వారు. నా మొఖం కూడా కదిలినట్టే ఉంది. వాళ్ల ఫోటోలు బాగానే వచ్చాయి. బాగున్నాయని చూస్తే తెలుస్తోంది, అంతే. ఇంకేమీ అనిపించడం లేదు.

మీ అమ్మ గల్లీ చివర, ఎప్పటి చోటే కూర్చొని ఉంది. ముందు గాజుల పెట్టెలు. ఎవరో పెళ్లివాళ్లకు వేయడం అప్పుడే అయింది. నిలబడి చూస్తుంటే కూర్చోమంది. కూర్చున్నాను. గాజులు కావాలన్నాను. ఆ మాట అన్నాక నాకు నా చేతులు కనబడ్డాయి. మా మందిరంలో బాప్తిస్మం అయినవాళ్లు గాజులు వేసుకోరని మీ అమ్మకు తెలియదా? ఊళ్లో ఇన్ని సాకులుండగా, జన్మలో గాజు తొడగని నేను వెళ్లి గాజులడిగాను.

ఆమె నా చెయ్యి తీసుకుంది. కణుపుల దగ్గర ఒత్తి ఒత్తి చూసింది.

"గీ చెయ్యికి ఎన్నడు గాజు వడలే," అంది. తర్వాత నా మెడ వైపు చూసింది. "గీ ఎర్ర పట్టా కెమెరా నాకెర్కే. మా గల్లీల ఫోటోలు తీస్తనని తిరిగినోనిది. నువ్వు వాని చెల్లెవు."

ఔనన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆమె వదల్లేదు.

"ఉండు. నేను పట్టిన చెయ్యి ఒట్టిగ పోదు. దుష్మన్‌దైనా గంతే."

ఆకుపచ్చవి వేసింది. ఒకటి చిట్లింది. ముక్కలు ఏరి పక్కన పెట్టి, చర్మం తెగిందేమో అని బొటనవేలితో రాసి చూసి, ఇంకొకటి తీసింది. ఆమె అరచెయ్యి వెచ్చగా ఉంది. నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. ఒక చేతికి వేయడం అయ్యాక, ఒక్క ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. అంత మాట ఎలా అడిగానో తెలియదు.

ఆమె కొంగు మొఖం మీదికి లాక్కుంది.

"ఎవ్వరికి చూపిస్తవో నాకు తెల్వదా? నాకు బిడ్డ లేదనుకున్న. లేనిదానికి మొఖమెందుకు? చేతులు తీసుకో."

చేతులు తీశాను. రెండో చేతికి వేసే ముందు, నా గాజుల చెయ్యి ఆమె చేతుల్లో ఉండగా, ఖాళీ చేత్తో తీశాను. కొంచెం వంకరగా వచ్చింది.

ఇంటికి రాగానే అమ్మ చూసింది. ఎవరు వేశారని అడగలేదు. బాపు రాకముందు తీసెయ్యమని సబ్బు తెచ్చి ఇచ్చింది. నురగలో అవి సులువుగానే జారాయి. ఇంకా చర్మం మీద గీతలున్నాయి.

ఫోటో ప్రింటు తీయించి ఇందులో పెడుతున్నాను. నువ్వు అడిగింది మొఖం, నేను పంపుతున్నది చేతులు. వాటిలో రమ్మని లేదు, రావద్దనీ లేదు. చాలాసేపు చూశాను. నాకేమీ కనబడలేదు, నీకు కనబడవచ్చు. ఆమె నోటితో అన్నది మాత్రం పైన రాశాను. దాని ప్రకారమైతే నువ్వు రావద్దు. బస్సులో అంత దూరం కూర్చొని వచ్చి, గల్లీ మొదట్లోంచే వెనక్కి తిరగడం ఈ నెలలో నీకు మంచిది కాదు.

అన్నను అడిగానని చెప్పు. వేళకు తిను.

నీ పక్క బెంచీ మనిషి,
గ్లోరీ

తా.క. ఒక సంగతి రాయలేదు. రాయవచ్చో లేదో తేలక కవరు అంటించకుండా ఉంచాను. రెండో చేతికి కూడా వేయించుకొని నేను లేచి చెప్పులు తొడుక్కుంటుంటే, మీ అమ్మ పెట్టెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా, "ఎనిమిదో నెల ఎప్పుడు వడ్తది?" అని అడిగింది. నీ కడుపు సంగతి నేను ఒక్క ముక్క కూడా అనలేదు. మీకెట్లా తెలుసని అడిగాను. నీకు తెలియకుండా అన్న ప్రతి ఆదివారం ఆమెకు ఫోన్ చేస్తాడట. నీ తిండి, నీ నిద్ర, డాక్టరు ఏమన్నది, అన్నీ చెప్పి పెట్టేస్తాడట. ఆ ఫోన్లో ఆమె ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క ఆదివారం కూడా ఫోన్ ఎత్తకుండా ఉండలేదు.