సాగిపోయిన టేపు

అమ్మకు నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. ఈసారి నిజంగానే క్షేమం, ఆ మాట ఎందుకన్నానో కింద రాస్తాను. కొత్త మందుతో నీ వేళ్ళ వాపు తగ్గిందనీ, మళ్ళీ కత్తెర పట్టావనీ చెల్లి రాసింది. చదివాక ప్రాణం కుదుటపడింది.

నా ఉద్యోగం ఏమిటని పక్క షాపావిడ అడిగితే ఏం చెప్పాలని అడిగావు. ఇలా చెప్పు. మన రక్తంలో వేల జన్యువులు పనిచేస్తుంటాయి, కొన్ని జోరుగా, కొన్ని నెమ్మదిగా. మా అమ్మాయి ఆ జోరు కొలుస్తుంది. కీళ్ళవాతం మందు ఎవరికి పనిచేస్తుందో మింగకముందే చెప్పాలని దాని తాపత్రయం. పనిచెయ్యని మందు నేను ఆరు నెలలు మింగాను కదా, ఇంకొకరికి ఆ తిప్పలు ఉండకూడదని.

చిక్కేమిటంటే, కొలిచే రోజు మారినా, యంత్రం వేడెక్కినా అంకెలు కదులుతాయి. ఆ కదలికంతా తీసేస్తే మిగిలిందే మనిషికీ మనిషికీ ఉన్న అసలు తేడా.

ఇక దాచిన సంగతి. పోయిన ఉత్తరంలో "అంతా బాగుంది" అని రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. అప్పటికే పెట్టె సర్దేసుకున్నాను, వచ్చి నీ షాపులో కాజాలు కుట్టుకుందామని. మూడు వందల పన్నెండు జన్యువుల్లో తేడా పట్టామని మా ల్యాబ్ మేడం పెద్ద సభలో చెప్పబోతున్న రోజులవి. సభకి వారం ముందు నా నోటుపుస్తకం తిరగేస్తే తప్పు బయటపడింది. మందు పనిచేసినవాళ్ళ రక్తమంతా సోమవారం కొలిచాను, చెయ్యనివాళ్ళది గురువారం. విడివిడిగా ఉంటే ముచ్చటగా ఉంటుందని. ఎర్రదారాలు ఒక డబ్బాలో, నల్లవి ఇంకో డబ్బాలో పెట్టించిన నీ పెంపకం మరి. ఇక ఆ తేడా మనుషులదో, రోజులదో బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేల్చలేడు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నాలుగు రోజులు మూసుకున్నాను కూడా. అప్పుడు నీ టేపు గుర్తొచ్చింది. అది సాగి, ఒంటి కొలతలన్నీ తక్కువ చూపించి, చొక్కాలు బిగుతయ్యాయని తెలిసిన రోజు, ముప్పై రెండు చొక్కాలవాళ్ళకీ కబురు పెట్టి, "తప్పు నాది, తెచ్చివ్వండి" అన్నావు. "మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందే" అని నేనంటే, "వేసుకున్నవాళ్ళకి తెలుస్తుంది" అన్నావు.

వెళ్ళి మేడంకి చెప్పేశాను. ఆవిడ నా నోటుపుస్తకం తీసుకుని తేదీలు తనే చూసుకున్నారు. "సభకి వెళ్ళడం లేదు. మళ్ళీ కొలువు" అన్నారు. ఈసారి ప్రతి ట్రేలోనూ రెండు రకాలవాళ్ళ రక్తం గొట్టాలనీ కలిపి పెట్టించాను. ఏది ఎవరిదో నాకు తెలియకుండా మా ల్యాబ్ లెక్కలాయన నంబర్లు వేశాడు. ఒకే మనిషి రక్తాన్ని రోజూ కొలిచి, రోజు మారితే ఎంత కదులుతోందో చూసి, అంతా తీసేశాం. మూడు వందల పన్నెండులో మిగిలినవి తొమ్మిది. ఇంతేనా అని ఏడుపొచ్చింది.

అయినా మందు మొదలుపెట్టకముందే తీసి ఆసుపత్రిలో దాచిన మరో నలభైమంది రక్తం తెచ్చి, ఆ తొమ్మిదే చూసి, మందు ఎవరికి పనిచేసి ఉంటుందో రాసిచ్చాను. నిన్న ఆ ఆసుపత్రి డాక్టరుగారు అసలు ఫలితాలున్న కవరు విప్పి ఒక్కొక్కటే చదివారు. ముప్పై ఏడు సరిపోయాయి. గెలిచామమ్మా. లెక్కలాయన బల్ల మీద దరువేశాడు, నేను మేడంని పట్టుకుని ఏడ్చేశాను.

"ఎవరు నేర్పారు నీకిది?" అన్నారావిడ. మా అమ్మ, దర్జీ అన్నాను. టేపు కథ అంతా చెప్పాను.

కుట్టుపనికి కొత్తగా చేరినవాళ్ళకి చూపించడానికి ఆ టేపు ఇంకా నీ షాపులో వేలాడదీసే ఉంచావుగా. దాన్ని నాకు పంపించు. మా యంత్రం పక్కన మేడం తన చేత్తోనే మేకు కొట్టి ఉంచారు.

ఇట్లు,
సర్దుడు పిచ్చి కాస్త వదిలిన
నీ పెద్దమ్మాయి