చేతి రకం పిల్లకు పుస్తకం ఇప్పించుట గురించి

పాఠశాలల తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: రెండో తరగతి చదువుతున్న నా మనవరాలిని "చేతితో నేర్చుకునే రకం" జాబితా నుంచి తొలగించి, పుస్తకం ఇప్పించవలసినదిగా విన్నపం.

నేను ఈ బడి ఊడ్చేదాన్ని. పిల్లలు చీపురవ్వ అంటారు. డెబ్బై దాటాయి. ఇంట్లో నేనూ, తల్లి పోయిన ఈ మనవరాలూ ఇద్దరమే. నాకు అక్షరం ముక్క రాదు. అర్జీ తరగతి పంతులు గారి ద్వారానే రావాలని తమ గుమాస్తా అన్నందున, ఆయన మీద అర్జీ ఆయన చేతే రాయిస్తున్నాను.

1. గత నెల తమ కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చి, బోధనా పద్ధతుల పరిశీలన నిమిత్తం మూడు రోజులు వెనక బల్ల మీద కూర్చున్నారు. పిల్లలను కంటి రకం, చెవి రకం, చేతి రకం అని, పుచ్చు వంకాయలు ఏరినట్టు ఏరారు.

2. ఆ సమయంలో సిరా ఒలికింది. గుడ్డ పట్టుకు రమ్మని నా పిల్లను కేకేసింది నేనే. అది నేల తుడుస్తుంటే చూసి చేతి రకమని రాసుకున్నారు. తప్పు నాది, శిక్ష దానికి.

3. సదరు విషయమై పంతులు గారిని సంప్రదించగా, వారు సమ్మతి తెలిపిరి.

4. అది మొదలు కంటి పిల్లలు నల్లబల్ల చూస్తారు, చెవి పిల్లలు పాఠం వింటారు, నా పిల్ల నల్లబల్ల తుడుస్తుంది. "పంతులూ, దానికి పుస్తకం ఎందుకివ్వవు?" అని అడిగితే, "అవ్వా, పుస్తకం దాని స్వభావానికి విరుద్ధం" అన్నారు. "మరి పాఠం చెప్పడం నీ స్వభావానికి విరుద్ధమా నాయనా?" అన్నాను.

5. జాబితా మీద నా వేలిముద్ర ఉందట. ఉంటుంది. వేలు పట్టుకుని అద్దించారు, చదివి వినిపించలేదు.

6. సోమవారం తమ సంతకం పడితే చేతి రకం వాళ్లను బుట్టలల్లే షెడ్డుకు తోలేస్తారట. ఇక దానికి మూడో తరగతి లేదు.

నలభై ఏళ్లు ఈ గుమ్మంలో కూర్చుని చూశాను. పిల్లలందరికీ కళ్లూ చెవులూ చేతులూ ఉన్నాయి. కరువల్లా పంతుళ్ల ఓపికకే. కావున తమరు సంతకం ఆపి, ఒక పూట వచ్చి మా గుమ్మంలో కూర్చుని చూసి, చిత్తగించవలెను.

తమ విధేయురాలు (సోమవారం వరకు),
చీపురవ్వ వేలిముద్ర

సాక్షులు: గంట కొట్టే తాత, నీళ్లు మోసే ఆమె

మరొక మాట: ముద్ర వేయకముందు చదివి వినిపించమన్నాను. పంతులు గారు నేను చెప్పింది చెప్పినట్టే చదివారు. ఆయన భుజం వెనక నిలబడిన నా మనవరాలు మూడో అంశం మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, ఇక్కడ అలా లేదు. సమ్మతి తెలిపిరి అని ఉంది" అంది. నేను చెప్పింది ఇది: "రాసేయండి సార్, చీపురవ్వ పిల్లకి బుర్రెక్కడిది, ఉన్నవి చేతులే" అన్నారు పంతులు గారు. ఇప్పుడు అక్షరమక్షరం పిల్ల చూస్తుంటే రాస్తున్నారు.

ఆ తప్పు చూపించాక పిల్ల, ఎవరూ అడగకుండానే, పంతులు గారి ముందు బెత్తం దెబ్బకు అరచేయి చాచి నిలబడింది. వద్దని ఆయన తల ఊపారు. అది చేయి దించలేదు.