గడప దగ్గర అనకూడని మాట

చిన్నీ,

బట్టలు మడత పెడుతూ మధ్యలో లేచాను. మిగిలినవి నువ్వు మడత పెట్టు. నాన్న చొక్కాల జోలికి మాత్రం పోకు, వాటి చేతులు నీ చేతులు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. బురుజు మెట్లు పదమూడే. పద్నాలుగోది కనిపిస్తే కాలు పెట్టకు.

నేను రేపటి నుంచి పట్నం బడిలో పంతులమ్మను. మన కోట గడప సంగతి నీకు తెలుసుగా, దాని దగ్గర ఏ మాటంటే అదే జరుగుతుంది. తాతయ్య విసుక్కుని "పోతున్నా" అన్నాడు, మళ్ళీ రాలేదు. నాయనమ్మ ఆస్పత్రికి బయల్దేరుతూ "వెళ్ళొస్తానే" అంది. అక్కడే పోయింది. మూడోనాడు పొద్దున్నే వచ్చేసింది. పాపం, ఇప్పుడు పోదామన్నా పోలేదు.

ఇప్పుడూ గడప పక్కనే కూర్చుంది. "ఏమే, వెళ్ళొస్తానని చెప్పవేం?" అని ఒకటే అడగడం. గొంతు ఆమెదే గానీ, పెదవులు కదలడం లేదు.

నాకు రావాలనే ఉంది. కానీ గడప లాగితే కాదు, నీ కోసం నా అంతట నేనే రావాలి. అందుకే నోరు విప్పకుండా దాటేస్తాను. నిన్నంతా నువ్వు నాతో మాట్లాడలేదు. దానికి అలిగి చెప్పకుండా వెళ్ళాననుకోకు.

అక్క

మరిచాను: ఈ చీటీని గడప దగ్గర పైకి చదవకు.