పోయిన జాకెట్టు కొలతలు

సౌభాగ్యా,

బల్ల మీద నీ ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపిన కేబుల్ పీకకు. కొత్త సాఫ్ట్‌వేర్ సగమే ఎక్కింది. ఇప్పుడు తెగితే ఫోన్ మళ్ళీ లేవదు. ఏ భాష కావాలని తెర మీద అడిగాక తీసేయి. నాకు డ్యూటీకి పిలుపొచ్చింది, వెళ్తున్నాను.

ఫోన్ ఇక మొరాయించదు. కానీ నువ్వు ఫొటోలు తీసి దాచుకున్న జాకెట్టు కొలతలు తిరిగి రావు. పెళ్ళివారి తొమ్మిది జాకెట్లూ శనివారానికి ఇవ్వాలి కదా. అందుకని పక్క క్వార్టర్ కనకం పిన్నిని అడిగాను. సాయంత్రంలోగా అందరి దగ్గరా ఆది జాకెట్లు తెచ్చిస్తానంది.

"అచ్ఛా, ఫోన్‌లోవి చెరిపేసింది మీ బావమరిదేనేటి గిరిబాబూ? నిన్న సౌభాగ్య ఆడిని తిట్టిన తిట్లు మా వంటింట్లోకి ఇనిపించినాయి" అంది.

నువ్వు తిడుతుంటే మీ తమ్ముడు అనిల్ నా వంక ఒక్కసారి చూసి ఊరుకున్నాడు. ఇవాళ అతన్ని భోజనానికి పిలువు.

కాగితం అడుగున ఇరికించి రాస్తున్నాను. పిన్నికి వరండాలోనే, నలుగురూ వినేలా చెప్పేశాను: "అనిల్ కాదు పిన్నీ. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి లాక్ తీస్తే లోపలివన్నీ పోతాయని ఫోన్ ముందే చెప్పింది. సదవకుండా ఓకే నొక్కేసి, ఆడి పేరు చెప్పినోణ్ణి నేనే."